ఎనిమిదేళ్ల పిల్లాడికి డిప్రెషన్ వస్తుందా? కడుపునొప్పి అంటాడు, రిపోర్టుల్లో ఏమీ లేదు

కావలి_అమ్మ

అందరికీ నమస్తే. మా వాడికి ఎనిమిదేళ్లు, మూడో తరగతి. ఈ ఏడు బడులు తెరిచినప్పటి నుంచి మనిషే మారిపోయాడు. పొద్దున లేస్తూనే కడుపునొప్పి అంటాడు. ఊళ్లో డాక్టర్‌కి చూపించాం, స్కానింగ్ తీశారు, ఏమీ లేదన్నారు. నులిపురుగుల మందు కూడా వేశాం. నొప్పి మాత్రం పోలేదు.

సాయంత్రమైతే సందులో పిలకాయలంతా క్రికెట్ ఆడతారు. బ్యాటు మా వాడిదే. దాన్ని వాళ్ల చేతికిచ్చి తను అరుగు మీద కూచుంటాడు. నువ్వు ఆడవా అంటే "వాళ్లు ఆడుకోనీలే" అంటాడు. ఊరికే కోపం. కూర ఎక్కువ వేశానని పళ్లెం తోసేస్తాడు, మళ్లీ తనే ఏడుస్తాడు. మొన్న రాత్రి దుప్పట్లో నుంచి "అమ్మా, నేను లేకపోతే నీకు పని తగ్గుద్ది కదా" అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు.

వాళ్ల నాన్న కువైట్‌లో ఉంటారు. అత్తమ్మ దిష్టి తగిలిందంటోంది, రొట్టెల పండక్కి నెల్లూరు తీసుకుపోయి ఆరోగ్య రొట్టె పట్టిద్దాం అంటోంది. ఇంత చిన్నపిల్లలకు డిప్రెషన్ ఉంటుందా? నేనే లేనిపోనిది ఊహించుకుంటున్నానా?

పెన్నాగట్టు

ఎనిమిదేళ్లకు డిప్రెషన్ ఏందమ్మా. మేం చెప్పుల్లేకుండా నాలుగు మైళ్లు నడిచి బడికి పోయాం, దెబ్బలు తిన్నాం, మాకేం రాలేదు. ముందు ఆ సెల్లు లాక్కోండి. పొద్దున్నే గ్రౌండులో పరిగెత్తించండి, కడుపునొప్పి అదే పోద్ది.

కావలి_అమ్మ

సెల్లు ఇవ్వం సార్. వాళ్ల నాన్న ఫోన్ చేసినప్పుడు మాట్లాడటానికి ఇస్తే, ఇప్పుడు అదీ వద్దంటున్నాడు.

ఒంగోలు_టీచర్

పెన్నాగట్టు గారూ, ఆ రోజుల్లోనూ ఉండేవాళ్లు. వెనక బెంచీలో తల వాల్చుకుని కూచునేవాడు, ఏడాది మధ్యలో బడి మానేసి గొర్రెల వెంట పోయినవాడు. వాళ్లకు మొద్దు, బద్ధకస్తుడు అని పేరు పెట్టాం, అంతే.

అమ్మా, నాకు కొన్ని వివరాలు కావాలి. స్కూలు మారారా? ఆదివారం కూడా కడుపునొప్పి ఉంటుందా? నోటుబుక్కు ఒకసారి తిరగేయండి. బోర్డు మీది పాఠం ఎత్తి రాసేటప్పుడు సగంలో ఆగిపోతున్నాడా, అక్షరాలు తారుమారు అవుతున్నాయా చూడండి.

కావలి_అమ్మ

స్కూలు మారాం టీచర్ గారూ. పోయినేడు మా వీధి బడి, ఇప్పుడు ఇంగ్లిష్ మీడియం, బస్సులో పోతాడు. ఆదివారం నొప్పి తక్కువే. కానీ ఆదివారం కూడా ఆడడు. పోయిన నెల పుట్టినరోజుకు వాడు ఎప్పట్నుంచో అడుగుతున్న సైకిల్ కొన్నాం. ఒక రౌండు తొక్కి గోడకు ఆనించేశాడు. ఇంతవరకూ మళ్లీ ముట్టుకోలేదు.

నోటుబుక్కు ఇప్పుడే చూశాను. సగం పేజీలు ఖాళీ. ఇన్నాళ్లూ "డన్" అని రెడ్ ఇంకుతో రాసే పంపించారు.

పిల్లల_వైద్యం

నేను పిల్లల డాక్టర్ని. నాలుగు పేరాలు చదివి ఎవరికీ జబ్బు పేరు పెట్టలేను, పెట్టకూడదు కూడా. కానీ సైకిల్ సంగతి చదివాక ఊరుకోలేకపోయాను.

బడి అంటే భయమే అయితే ఆదివారం పిల్లాడు మామూలుగా ఉండాలి. నొప్పి సోమవారం తిరిగి రావాలి. ఇక్కడ నొప్పి తగ్గినా ఆట మాత్రం రాలేదు. ఎంతో ఇష్టపడి అడిగిన వస్తువు చేతికొచ్చినా సంతోషం కలగకపోవడం మామూలు మారాం కాదు. పసిపిల్లల డిప్రెషన్‌లో మేం ముఖ్యంగా వెతికేది ఇదే.

చిన్నపిల్లలకు డిప్రెషన్ వస్తుంది. యుక్తవయసుకు ముందు నూటికి ఒకరిద్దరిలో కనిపిస్తుంది, మగపిల్లలూ ఆడపిల్లలూ ఇంచుమించు సమానం. పదమూడు దాటాక పెరుగుతుంది, అప్పుడు ఆడపిల్లల్లో దాదాపు రెట్టింపు. అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో జోన్ లూబీ అనే సైకియాట్రిస్టు బృందం మూడేళ్ల పిల్లల్లో కూడా దీన్ని గుర్తించవచ్చని చూపించింది. ఆ వయసు పిల్లలు "నాకు బాధగా ఉంది" అని చెప్పలేరు. విసుగు, కోపం, కడుపునొప్పి, తలనొప్పి, మానేసిన పక్కతడుపు మళ్లీ మొదలవడం, అన్నింటికీ తప్పు తనదే అనుకోవడం, ఇలా బయటపడుతుంది. పెద్దవాళ్లలో దిగులు ఎలాంటి లక్షణమో పిల్లల్లో చిరాకు అలాంటిదని వైద్యుల పుస్తకంలోనే ఉంది. రెండు వారాలకు పైగా, దాదాపు ప్రతిరోజూ ఉంటే పరీక్ష చేయించాల్సిందే.

ముందు రక్తం తక్కువగా ఉందేమో, థైరాయిడ్ ఏమైనా ఉందేమో చూపించండి. కళ్లూ చెవులూ కూడా. డిప్రెషన్‌కు రక్తపరీక్ష లేదు. కానీ రక్తహీనత ఉన్న పిల్లాడు కూడా అరుగు మీదే కూచుంటాడు.

ఇక "నేను లేకపోతే" అన్న మాట. దాని గురించి వాణ్ని అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు, అలా జరగదు. పక్కన కూచుని "మొన్న అట్లా అన్నావు కదా నాన్నా, చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా" అని తేలిగ్గానే అడగొచ్చు. అవునంటే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి, వాణ్ని ఒంటరిగా వదలొద్దు. ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే ఇవ్వాళే తాళం వేయండి. అత్తమ్మ గారి బీపీ, షుగర్ మాత్రలు కూడా.

కావలి_అమ్మ

అడిగాను డాక్టర్ గారూ. "చావాలని కాదు, కనపడకుండా పోవాలని" అన్నాడు. మామయ్యకు పొగాకు తోట ఉంది, మందు డబ్బాలు వసారాలోనే ఉండేవి. గొడౌన్‌లో పెట్టి తాళం వేయించాను.

పిల్లల_వైద్యం

మంచి పని. కనపడకుండా పోవాలన్న మాటను కూడా డాక్టర్‌కి అలాగే చెప్పండి, మీ మాటల్లోకి మార్చొద్దు. రాత్రిపూట భయమేస్తే 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ లైను, 2022 అక్టోబర్ నుంచి కేంద్ర ప్రభుత్వం నడుపుతోంది. ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పిల్లల్ని ఎవరైనా కొడుతున్నారనో హింసిస్తున్నారనో అనుమానముంటే 1098, అది పిల్లల సహాయ లైను.

కనిగిరి_పెద్దాయన

మా పక్క ఊళ్లలో ముసలోళ్లమూ చిన్నపిల్లలే మిగిలాం. కన్నోళ్లు బెంగళూరులో, హైదరాబాదులో కూలికి పోయుంటారు. మా చెల్లెలి కూతురు పోయినప్పుడు దాని బిడ్డకు ఆరేళ్లు. కర్మకాండ రోజున ఆ పిల్ల మా మధ్యలో గోళీలాడుతా ఉండాది. చూసినోళ్లు దీనికి బాధే లేదన్నారు. పది రోజులాగి రాత్రిళ్లు లేచి అమ్మ చీరలున్న పెట్టె దగ్గర కూచునేది. డాక్టరమ్మ దుఃఖం వేరు, డిప్రెషన్ వేరు అనింది. రెండూ ఎట్టా తెలుస్తాయో ఎవరైనా రాయండి.

దర్గామిట్ట

నేను క్లినికల్ సైకాలజీ చదువుతున్నాను. పెద్దాయన గారూ, పిల్లల దుఃఖం అలల్లా వస్తుంది. ఒక గంట ఏడుస్తారు, మరుగంటకి ఆడుకుంటారు. ఆడుతున్నారంటే బాధ లేదని కాదు. అంతకు మించి మోయలేరు కాబట్టే మధ్యమధ్య దించుకుంటారు. అలా దించుకోవడం కూడా ఆగిపోయి, "అమ్మ పోవడానికి నేనే కారణం" అనే మాట వారాల తరబడి వినిపిస్తుంటే, తిండీ నిద్రా చెడితే, అప్పుడు తీసుకెళ్లాలి. చిన్నతనంలో తల్లినో తండ్రినో పోగొట్టుకోవడం డిప్రెషన్ ముప్పును పెంచుతుంది. కానీ ఒక్క ప్రేమగల పెద్దమనిషి నిలకడగా పక్కన ఉంటే ఆ ముప్పు చాలా తగ్గుతుంది. మీరు ఉన్నారు కదా.

కావలి అక్కా, ఇక మీకు. డిప్రెషన్‌కు ఒకే కారణం వెతకొద్దు, పిల్లల్లో అసలు దొరకదు. రక్తసంబంధీకుల్లో ఎవరికైనా ఉండటం, దీర్ఘకాలపు జబ్బు, చదవడంలో ఇబ్బంది, ఏడీహెచ్‌డీ (ఒకచోట నిలవలేకపోవడం, ధ్యాస కుదరకపోవడం), బడిలో ఏడిపించడం, ఇంట్లో గొడవలు, దెబ్బలు, లైంగిక వేధింపు. వీటిలో రెండు మూడు ఒకే పిల్లాడి మీద పడితే బరువెక్కుతుంది. మీ వాడికి ఒకే వేసవిలో బడి, భాష, స్నేహితులు మూడూ మారాయి. పైగా నాన్న దూరం.

ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. మీరెలా ఉన్నారు? మొదటి పోస్టులో మీ నిద్ర గురించి రాశారు. అది మొన్నటి మాట తర్వాతేనా, అంతకు ముందు నుంచీనా?

పెన్నాగట్టు

తల్లిని నిందిస్తున్నారా ఇప్పుడు? భర్త ఊళ్లో లేకుండా ఇల్లు నెట్టుకొస్తోంది ఆ అమ్మాయి.

దర్గామిట్ట

నింద కాదండీ, చికిత్సలో భాగం. 2006లో అమెరికాలో మిర్నా వైస్‌మన్ బృందం డిప్రెషన్ ఉన్న తల్లులకు మూడు నెలలు మందులిచ్చి, వాళ్ల పిల్లల్ని పరిశీలించింది. పిల్లలకు ఏ మందూ ఇవ్వలేదు. తల్లి పూర్తిగా కోలుకున్న ఇళ్లలో పిల్లల మానసిక సమస్యలు 11 శాతం తగ్గాయి. తల్లి కోలుకోని ఇళ్లలో 8 శాతం పెరిగాయి. తల్లిదండ్రుల్లో ఒకరికి డిప్రెషన్ ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం రెండు నుంచి నాలుగు రెట్లు ఎక్కువ. ఇందులో జన్యువులూ ఉన్నాయి, ఇంటి వాతావరణమూ ఉంది. వాతావరణం మన చేతిలో ఉన్నది కాబట్టి అడిగాను.

కావలి_అమ్మ

కోపం లేదు చెల్లీ. సంక్రాంతి నుంచే సరిగా నిద్ర లేదు. ఆయన రెండేళ్లకోసారి వస్తారు. ఈసారి వచ్చి పోయాక వంటింట్లో నిలబడితే చేతులు కదలవు. ఎవరికీ చెప్పలేదు. చెప్తే "ఏం తక్కువ నీకు" అంటారు.

ఒంగోలు_టీచర్

అమ్మా, ఇక్కడ ఎవరూ ఆ మాట అనరు.

పిల్లల_వైద్యం

ఇద్దరికీ ఒకేసారి చూపించండి. ఓపీ చీటీ ఇద్దరి పేర్లతోనూ రాయించండి. నెల్లూరు ప్రభుత్వ పెద్దాసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది, ఒంగోలు ప్రభుత్వ పెద్దాసుపత్రిలోనూ ఉంది. మీకు నెల్లూరే దగ్గర. చదువు, ఎదుగుదల సంగతి కూడా తేల్చుకోవాలంటే పిల్లల ఆరోగ్యం చూసే ప్రభుత్వ పథకం ఆర్‌బీఎస్‌కే కింద ఉండే జిల్లా కేంద్రం, డైక్ అంటారు, దాని గురించి అక్కడే అడగండి. పిల్లల సైకియాట్రీకే ప్రత్యేక విభాగం కావాలంటే వేలూరు సీఎంసీ, బెంగళూరు నిమ్‌హాన్స్. కానీ మొదటి అడుగుకే అంత దూరం పోనక్కర్లేదు. దూరమనే చాలామంది నెలలు వాయిదా వేస్తారు.

రొట్టెల పండక్కి నిస్సందేహంగా పోండి. స్వర్ణాల చెరువులో నలుగురి మధ్య రొట్టె పట్టుకుంటే పిల్లాడికి మంచిదే. వైద్యం ఆపి పోకండి, అంతే.

చీమకుర్తి_నాన్న

మా పాపకు పన్నెండేళ్లప్పుడు ఇదే. క్వారీ పని మాది, పగలూ రాత్రీ షిఫ్టులు, ఇంట్లో సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. ముందు సైకాలజిస్టు దగ్గర వారం వారం కూచోబెట్టారు. కొంత తగ్గింది గానీ చాల్లేదు, అప్పుడు ఫ్లూయోక్సెటిన్ అనే డిప్రెషన్ మందు రాశారు. మొదట్లో పాపకు కాళ్లు ఒకచోట నిలిచేవి కావు, నిద్ర తగ్గింది. ముందే చెప్పి ఉన్నారు కాబట్టి వెంటనే ఫోన్ చేశాం, డోసు తగ్గించి మళ్లీ మెల్లగా పెంచారు. నెల దాటాక ఒకరోజు స్నానాల గదిలో పాడుకుంటున్న గొంతు వినపడింది. మా ఆవిడ పొయ్యి ఆపేసి నన్ను పిలిచింది.

పెన్నాగట్టు

చిన్నపిల్లలకు మెదడు మాత్రలా? అలవాటు పడిపోతే? జీవితాంతం మింగాలేమో!

పిల్లల_వైద్యం

అడగాల్సిన ప్రశ్నే అడిగారు సార్. ఇవి మత్తు మందులు కావు, నిద్రమాత్రల్లా అలవాటు పడటం ఉండదు. అయితే ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరే మెల్లగా తగ్గించాలి. పని చేయడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. బాగయ్యాక కూడా ఆరు నెలల నుంచి ఏడాది వరకు కొనసాగిస్తారు, చాలామందికి ఆ తర్వాత అక్కర్లేదు.

భయపడాల్సింది ఎక్కడో కూడా చెప్తాను. 2004లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ మందులన్నింటికీ నల్లగీత హెచ్చరిక, అంటే చుట్టూ నల్లగీత గీసిన గట్టి హెచ్చరిక, పెట్టించింది. మందుల మీద చేసిన పరీక్షల్లో మందు తీసుకున్న పిల్లల్లో నూటికి నలుగురికి, మందు లేని ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో నూటికి ఇద్దరికి ఆత్మహత్య ఆలోచనలు కనిపించాయి. ఆ పరీక్షల్లో చనిపోయినవాళ్లు ఎవరూ లేరు. అందుకే మొదటి నెలంతా వారం వారం చూడాలంటాం. డిప్రెషన్‌కు ఎనిమిదేళ్లు నిండినవాళ్లకు ఆ ఎఫ్‌డీఏ ఒప్పుకున్నది ఫ్లూయోక్సెటిన్ ఒక్కటే. ఎస్సిటాలోప్రామ్ అనే ఇంకో మందుకు పన్నెండు నిండాలి. మెడికల్ షాపులో అడిగి కొనే మందులు కావివి.

చీమకుర్తి వారి పాప వయసుకు సరిపోయే పరిశోధన ఒకటుంది. 2004లో వచ్చింది, 12 నుంచి 17 ఏళ్ల వాళ్లు 439 మంది. మందూ, సీబీటీ అనే మాటల చికిత్సా రెండూ కలిపితే 71 శాతం మెరుగయ్యారు. మందు ఒక్కటే అయితే 61, మాటల చికిత్స ఒక్కటే అయితే 43, ఉత్తుత్తి మాత్రకు 35. కావలి బాబుది ఆ వయసు కాదు. ఎనిమిదేళ్లకు మందు దాకా రావడం అరుదు. ముందు థెరపీ, తల్లితో కలిపి.

కావలి_అమ్మ

థెరపీ అంటే ఏం చేస్తారు? వాడు కొత్తవాళ్ల దగ్గర నోరే విప్పడు.

దర్గామిట్ట

విప్పక్కర్లేదు అక్కా. బొమ్మలు, రంగులు, ఇసుక పెడతారు. వాడు ఆడతాడు, వాళ్లు చూస్తారు. ఏడెనిమిదేళ్లు దాటితే "నేనేం చేసినా తప్పే" లాంటి ఆలోచనను పట్టుకుని, అది నిజమా కాదా అని చిన్న చిన్న పనులతో చూపిస్తారు.

ఇంకా చిన్నవాళ్లకు తల్లికే నేర్పిస్తారు. జోన్ లూబీ వాళ్లు 3 నుంచి 6 ఏళ్ల పిల్లలు 229 మంది మీద చేసిన పరీక్ష 2018లో వచ్చింది. తల్లి చెవిలో చిన్న ఇయర్‌ఫోన్ పెడతారు. అద్దం వెనక నుంచి థెరపిస్టు చెప్తుంటే తల్లి బిడ్డతో ఆడుతుంది. పద్దెనిమిది వారాలు. ఆ తర్వాత పిల్లల్లో డిప్రెషన్ బాగా తగ్గింది, తల్లుల్లో కూడా తగ్గింది. మందు లేకుండా.

అందులో ఇంటిపని అని రోజూ ఐదు నిమిషాలు ఇస్తారు. మీరు ఇవ్వాళే మొదలుపెట్టొచ్చు. ఆట వాడు ఎంచుకోవాలి. మీరు ప్రశ్నలు వేయకూడదు, ఇలా చేయి అలా చేయి అనకూడదు, తప్పు పట్టకూడదు. వాడు చేస్తున్నది చెప్తూ పోవడమే, "ఓహో, ఎర్ర ఇటుక పైన పెట్టావు" అని. విన్నంత సులువు కాదు. మనకు పిల్లలతో మాట్లాడటమంటే ప్రశ్నలేయడమే కదా, తిన్నావా, రాశావా, ఎన్ని మార్కులు. వాడు అలిగినా ఆ ఐదు నిమిషాలు రద్దు చేయొద్దు. శిక్షగా అసలు చేయొద్దు.

పెన్నాగట్టు

ఐదు నిమిషాలు ఇటుకలాడితే జబ్బు పోద్దా? సరే, నష్టమైతే లేదు. పరిగెత్తించమన్న నా మాట కూడా ఎవరైనా ఒప్పుకోండి మరి.

పిల్లల_వైద్యం

ఒప్పుకుంటున్నాం సార్. ఒళ్లు కదలడం, ఎండలో ఉండటం, ఆ వయసుకు రోజూ తొమ్మిది నుంచి పన్నెండు గంటల నిద్ర, ఇవన్నీ కావాలి. శిక్షలా పరిగెత్తించకుండా మీరు తోడు నడిస్తే ఇంకా మంచిది.

మోడరేటర్

స్కూలు పేరు రాసిన ఒక కామెంటు తీసేశాం. దయచేసి బడుల పేర్లు, పిల్లల పేర్లు ఇక్కడ రాయకండి.

కావలి_అమ్మ

నెల్లూరు వెళ్లొచ్చాం. హిమోగ్లోబిన్ తక్కువే ఉంది, ఐరన్ టానిక్ రాశారు. థైరాయిడ్ బాగుంది. డిప్రెషన్ అనే చెప్పారు. ఎక్కువ ముదరలేదు, మందు ఇప్పుడు వద్దు, వారం వారం తీసుకురండి అన్నారు. నాకు మాత్రం మందు రాశారు. అత్తమ్మ పక్కనే కూచుని అంతా విని, బస్సులో "నీకు ఇంత ఉందని చెప్పొద్దా అమ్మాయ్" అంది. అంతే, ఇంకేం అనలేదు.

అక్కడమ్మాయి మా వాడి చేత బస్సు బొమ్మ గీయించింది. బస్సు నిండా మొహాలు గీసి తనను కింద, చక్రం పక్కన గీసుకున్నాడు. అప్పుడు బయటపడింది. తెలుగు యాసలో ఇంగ్లిష్ చదువుతాడని బస్సులో పెద్ద పిల్లలు పేరు పెట్టి పిలుస్తారంట, సీటు ఇవ్వరంట. క్లాసులో నోట్స్ పూర్తి కాకపోతే నిలబెడతారంట, ఒకసారి స్కేలుతో కూడా కొట్టారు. చదవడంలో ఇబ్బంది ఉందేమో పరీక్ష చేస్తామన్నారు.

ఐదు నిమిషాల ఆట మొదలుపెట్టాం. మొదట్లో నావైపు చూడలేదు. నిన్న తనే అగ్గిపెట్టెలు తెచ్చి నా ముందు పెట్టాడు.

స్కూలువాళ్లతో ఎట్లా మాట్లాడాలి? గొడవ పెట్టుకుంటే వాడి మీదే చూపిస్తారని భయం. డిప్రెషన్ అని చెప్పాలా?

ఒంగోలు_టీచర్

జబ్బు పేరు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం డాక్టర్ కూడా మీ అనుమతి లేకుండా బయటపెట్టకూడదు. "వైద్యుల సలహా మీద ఉన్నాడు" అంటే చాలు. కొట్టడం మాత్రం వేరే సంగతి. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనూ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది.

ముందు క్లాసు టీచర్‌ని ఒంటరిగా కలవండి. చాలామంది మంచివాళ్లే, నలభై మంది పిల్లల్లో ఒకడి సంగతి తెలియక పోయుంటుంది. తర్వాత హెడ్మాస్టర్‌కు లెటర్ ఇవ్వండి. అందులో మూడే అడగండి. బస్సులో ఆయా పక్కన సీటు. బోర్డు మీది నోట్స్ పూర్తి కాకపోతే నిలబెట్టకుండా పక్కపిల్లాడి పుస్తకం ఇంటికి పంపడం. చదివే పరీక్ష ఫలితం వచ్చేదాకా క్లాసులో గట్టిగా చదివించకపోవడం. కొట్టిన సంగతి తేదీతో సహా ఒక్క వాక్యంలో రాయండి, తిట్లొద్దు. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద స్కూలు స్టాంపు వేయించుకుని మీ దగ్గర పెట్టుకోండి. లెటర్ రాయడం రాకపోతే నాకు మెసేజ్ పెట్టండి, ఈ రాత్రికి రాసి పంపిస్తాను.